తవుడుకు కొన్న ఊపిరి

మా పేటలో నలభై మూడు గడపలు. పసిబిడ్డను పోగొట్టుకోని గడప ఒక్కటైనా ఉంటుందేమోనని సూరమ్మత్త ఆ పొద్దున వీధి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగింది. దొరకలేదు.

ఆమె కోడలు దమయంతికి మూడు రోజుల కిందట ఏడున్నర నెలలకే కాన్పు అయింది. ఏరు దాటించే పడవ వచ్చేలోపే, ఇంట్లో మంచం మీదే. అంతకుముందు పుట్టిన ఇద్దరిలో ఒకడు తొమ్మిదో రోజున, ఒకతె పదిహేడో రోజున పోయారు. ఇలా వరసగా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పరాయివాళ్ళకు ఇచ్చేయడం మా వైపు ఆచారం. వాళ్ళు సోలెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటారు. చావు వెతుక్కుంటూ వచ్చినా, ఆ తల్లికి బిడ్డే లేదని తెలిసి వెనక్కి పోతుందట. అలా బతికిన తవిటమ్మలు, తవిటయ్యలు మా పేటలో ఆరుగురున్నారు. కొనే చేతిలో మాత్రం ఏ బిడ్డా పోయి ఉండకూడదు.

సూరమ్మత్త చివరికి మా గుమ్మంలో కూలబడింది.

"నీకు ఒక్కతే పిల్ల కదే. నువ్వు పట్టుకోయే చేట," అంది మా అమ్మతో.

అమ్మ ఉప్పు మళ్ళకు బయలుదేరుతోంది. నెత్తి మీది తట్ట కిందకి దించింది. "దీనికంటే ముందు నాకు కడుపు పోనాది కదత్తా. నీకు తెల్దేటి?"

సూరమ్మత్త తల ఎత్తి, అమ్మ వెనక్కి చూసింది. నేను తలుపు చాటున ఉన్నాను. కొత్తవాళ్ళే కాదు, తెలిసినవాళ్ళు వచ్చినా నేను తలుపు చాటుకే పోతాను.

"నీ గుంట చెయ్యి మంచి చెయ్యి. దాన్ని పంపు."

"దానికి పదిహేనేళ్ళు, అత్తా!"

"కొనడానికే గానీ కనడానికేటే, భయపడిపోతన్నావు? బేగి రా అమ్మీ, హైమా."

వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర నన్ను కూర్చోబెట్టారు. తవుడు పోశాను. చేట నా ఒళ్ళోకి వచ్చింది. చేట బరువు తెలిసింది గానీ, అందులో బిడ్డ బరువు తెలియలేదు. బిడ్డ మొహం మా బడిలో వాడే ఇంకు సీసా మూత కంటే కాస్త పెద్దదిగా ఉంటుందేమో. లోపల మంచం మీద దమయంతి గోడవైపు తిరిగి పడుకుంది. ఇచ్చేసిన బిడ్డను తల్లి చూడకూడదు. ఆమెను నేను అప్ప అని పిలుస్తాను. అప్ప వీపు కదులుతూ ఉంది. ఏడుస్తోందని అర్థమైంది.

అప్పుడే పడవ వచ్చింది.

దిగినవాళ్ళు ఇద్దరు. ఒకరు నర్సు. ఇంకొకరు విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరు, పేరు సుభాషిణి. బరువు తక్కువ పిల్లలకు కొత్త పరికరం ఒకటి పెట్టి చూస్తున్నారని, మా పేట పేరు కూడా రాసుకున్నారని పోయిన నెలలోనే చెప్పుకున్నారు. ఆమె నేరుగా పెరట్లోకి వచ్చి, నా ఒళ్ళో చేట చూసి మోకాళ్ళ మీద కూర్చుంది.

"పాప తల్లి ఎవరు?"

సూరమ్మత్త చేతికి ఇంకా తవుడు అంటుకునే ఉంది. ఆ పూట ఇంకెవరి పేరు చెప్పినా చేసిందంతా చెడిపోతుంది. చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఇదే."

నర్సు నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత చిన్నపిల్లకి పెళ్ళి చేసేశారా?"

"ఏం చిన్న? పంతొమ్మిది నిండిపోనాయి," అంది సూరమ్మత్త.

డాక్టరు మొహంలో ఒక అలసట కనిపించింది. ఇలాంటి అబద్ధం ఆమె చాలా పేటల్లో విని ఉంటుంది. కానీ ఆమె ఊహించిన అబద్ధం వేరు, మేము ఆడిన అబద్ధం వేరు. "పద్దెనిమిదైనా దాటాయా అమ్మా? నువ్వు చెప్పు," అని నన్నే అడిగింది.

తల ఊపాను. ఎవరూ నా తల పట్టుకుని ఊపించలేదు.

ఇంకేదో అడగబోయింది గానీ, అంతలో బిడ్డ పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. డాక్టరు అరికాలి మీద వేలితో కొట్టింది. వీపు రుద్దింది. బిడ్డ కదల్లేదు.

"ఊపిరి మర్చిపోయింది. నెలలు నిండకుండా పుడితే ఇంకా అలవాటు కాదు. తీసుకుంటూ తీసుకుంటూ మర్చిపోతారు. సిస్టర్, నాలుగో జంట!"

నర్సు పెట్టె తెరిచింది. రూపాయంత బిళ్ళ ఒకటి బిడ్డ గుండెల మీద అంటించారు. బెత్తెడు వెడల్పు పట్టీ ఒకటి నా జాకెట్టు పైనే పక్కటెముకల చుట్టూ బిగించారు.

"పీల్చు," అంది డాక్టరు. "గట్టిగా."

పీల్చాను. పట్టీ నాతోపాటు సాగింది. బిళ్ళ మీద చిన్న వణుకు కనిపించింది. నా అరచేతిలో సగం కూడా లేని ఆ ఛాతీ పైకి లేచింది. వదిలాను. దిగింది. మళ్ళీ పీల్చాను. మళ్ళీ లేచింది. పెదవుల నల్లదనం మెల్లగా పోయింది.

గోడవైపు తిరిగి ఉన్న అప్ప ఇటు తిరిగి చూసింది. చూడకూడదని సూరమ్మత్త కూడా అనలేదు.

* * *

జాగ్రత్తలు చెప్పి డాక్టరు వెళ్ళిపోయింది. ఇరవై ఎనిమిది రోజులు పట్టీ విప్పకూడదు. బిడ్డకు పన్నెండు అడుగుల దూరంలోపే ఉండాలి. బిళ్ళ ఎవరి ఊపిరి నేర్చుకుంటే వాళ్ళ ఊపిరినే వింటుంది, ఇంకొకరికి కట్టినా పనిచేయదు. అలాంటి జంటలు చేసినవి పన్నెండే.

పడవ ఏరు మధ్యకు వెళ్ళాక అమ్మ మళ్ళలోంచి పరిగెత్తుకొచ్చింది. "నిజం సెప్పీయండి. ఇప్పుడే కేకేస్తాను, పడవ ఆపుతారు."

సూరమ్మత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "సెప్తే ఏటవుద్ది? ఇప్పుకుని పట్టుకుపోతారు. ఇంకోటి లేదన్నాది కదా. ఇదిగో, సూడు దీన్ని. సూసి, అప్పుడు కేకెయ్."

అమ్మ బిడ్డను చూసింది. నా ఛాతీని చూసింది. రెండూ ఒకేసారి లేచి దిగుతున్నాయి. కేక వేయలేదు.

నేను అప్ప ఇంట్లోకి మారిపోయాను. పదో తరగతి పుస్తకాలు అమ్మ తెచ్చి పెట్టింది. మాస్టారికి జ్వరమని కబురు పంపింది.

బిడ్డ ఊపిరి ఆగినప్పుడల్లా పట్టీ నా పక్కలో చిన్నగా పిసికేది. వెంటనే నా ఛాతీ దానంతటదే పెద్ద ఊపిరి తీసుకునేది. నిద్రలో కూడా అంతే. మొదటి రోజు మెలకువలోనే అలా నూటతొంభై ఆరుసార్లు. లెక్క పుస్తకం వెనక అట్ట మీద గీతలు పెట్టాను. మరునాడు రెండు వందల పది.

నా ఊపిరి ఎలా ఉంటే బిడ్డ ఊపిరీ అలాగే. పరిగెత్తకూడదు. ఏడవకూడదు. భయపడకూడదు. ఈ చివరిదే నాకు కష్టమైంది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే నాకు గుండె దడ మొదలయ్యేది. నేను ఎగపోస్తే బిడ్డ ఎగపోసేది. అందుకని అప్ప గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేది.

"ఏటమ్మా, మేము సూడకూడదేటి?" అని పక్కింటివాళ్ళు అడిగితే, "ఆ పిరికిదాన్ని మీరు బెదరగొడితే ఈ పరాయి పిల్ల సచ్చిపోతాది. ఎల్లండి," అనేది.

బిడ్డను పరాయి పిల్ల అనే అనాలి. అప్ప ఆ మాట అన్న ప్రతిసారీ దవడ బిగుసుకునేది.

ఒక మధ్యాహ్నం పాలిస్తోంది. నేను పక్కనే ఒత్తిగిలి కూర్చున్నాను. బిడ్డ తాగుతూ తాగుతూ ఆగి, కళ్ళు నావైపు తిప్పింది. నాకు నవ్వొచ్చింది. బిడ్డకు వెంటనే పొరబోయింది.

"నవ్వకే!" అప్ప అరిచింది. బిడ్డను భుజాన వేసుకుని నిమురుతూ, దానితోనే అంది. "పాలు నావి. ఊపిరి దానిది. నీదేటే మరి? ఏడుపొక్కటేనా?"

బిడ్డ సర్దుకున్నాక అప్ప చెయ్యి చాపి నా నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. "నీ మీద కోపం కాదే అమ్మీ. ఇది నన్ను సూడ్డం లేదు. నువ్వు కదిల్తే కదులుద్ది. నాను పిలిస్తే పలకదు."

"చిన్నది కదప్పా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్పకు వినపడిందో లేదో తెలియదు.

విశాఖలోని ప్రయోగశాలలో ఒక పెద్ద తెర ఉంది. పన్నెండు జంటల గీతలూ దాని మీద కనపడతాయి. ఆ సంగతి తర్వాత డాక్టరే నాతో చెప్పింది. రెండో వారానికి నాలుగో జంట గీత చూసి అందరూ ఆశ్చర్యపోయారట. మిగతా బిడ్డల గీతలు గతుకులుగా ఉంటే, మా బిడ్డది సముద్రం మీద అలల్లా వరసగా ఉండేదట. కొత్తగా వచ్చినవాళ్ళను పిలిచి చూపించేవారట. ఒక్కో జంటకు రెండు గీతలుంటాయి. పైది బిడ్డది, కిందది పట్టీ కట్టుకున్నవాళ్ళది. మా కింది గీతను ఎవరూ చూడలేదు.

* * *

అది బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు. తొమ్మిదో రోజూ, పదిహేడో రోజూ దాటిపోయాయి. ఆ పొద్దున సూరమ్మత్త బిడ్డను తిరిగి కోడలి ఒళ్ళో పెట్టించింది. ఇక పరాయి పిల్ల అనక్కర్లేదు. తవిటమ్మ అని మూడుసార్లు చెవిలో చెప్పారు. అప్పకు ఆనందంతో కాళ్ళు నిలవలేదు. ఎండ తగలాలని బిడ్డను ఎత్తుకుని గబగబా వీధిలోకి, కుళాయి దాకా వెళ్ళిపోయింది. పన్నెండు అడుగుల మాట ఆమెకు గుర్తులేదు. నేను గుమ్మంలో బిందె పట్టుకుని ఉన్నాను.

బిడ్డకేమీ కాలేదు. కుళాయి దగ్గర అది ఒంటరిగా ఊపిరి తీసుకుంటూ ఆవలించింది కూడా.

నాకు మాత్రం ముందు బిందె బరువెక్కింది. తర్వాత ఎండ పసుపు రంగులోకి మారి, అంచుల్లో నల్లబడింది. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఏదో చేయాల్సిన పని మర్చిపోయినట్టు మాత్రం అనిపించింది. ఏమిటా అని ఆలోచించాను. ఊపిరి. పీల్చాను. బిందె జారిపోయింది.

"కాళ్ళు తడుపుకున్నావేటే?" అని అప్ప నవ్వుతూ వెనక్కి వచ్చింది.

పట్టీ మళ్ళీ నా పక్కలు పిసకడం మొదలుపెట్టింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఊపిరి తీసుకోవడం మర్చిపోయానని ఎవరైనా చెప్పుకుంటారా? సిగ్గేసింది. ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది.

ముప్పై ఒకటో రోజు డాక్టరు మళ్ళీ పడవలో వచ్చింది. బిడ్డ రెండు కిలోలకు దగ్గరపడింది. పెరడంతా జనం. డాక్టరు బిళ్ళను మెల్లగా ఊడదీసింది. అందరూ బిడ్డ ఛాతీ చూస్తూ నిలబడ్డారు. లేచింది. దిగింది. లేచింది. సూరమ్మత్త లెక్కపెడుతూ వంద దాటాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

నర్సు నా వెనక చేరి పట్టీ విప్పింది.

నేనూ బిడ్డనే చూస్తున్నాను. ఎంత బాగా తీసుకుంటోందో అనుకున్నాను. ఈసారి ఎండ మొత్తం ఒక్కసారే నల్లబడింది.

"ఇదేటి, ఇలా సూస్తన్నాది?" అప్ప గొంతు. చెంప మీద దెబ్బ. "పీల్చు! ఒలే అమ్మీ, పీల్చే!"

* * *

పడవలో డాక్టరు రబ్బరు సంచీ నొక్కుతూ నాకు ఊపిరి ఊదింది. అవతలి ఒడ్డు నుంచి అంబులెన్సులో విశాఖ తీసుకెళ్ళారు. నాకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన అమ్మ, అప్ప, డాక్టరు ఉన్నారు. ముక్కు మీద గాజులాంటి ముసుగు. అమ్మ నిజం చెప్పేసిందని డాక్టరు మొహం చూడగానే తెలిసింది.

"పదిహేను," అంది డాక్టరు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "పెద్దవాళ్ళ ఛాతీకి సొంత గడియారం గట్టిపడి ఉంటుంది. పట్టీ చెప్పింది కాసేపు విని మర్చిపోతుంది. పదిహేనేళ్ళకి ఇంకా గట్టిపడదు, పట్టీ పిసికితేనే పీల్చడం అలవాటైపోతుంది. బిడ్డ నేర్చుకుంది. నేర్పినది మర్చిపోయింది. పద్దెనిమిది నిండనివాళ్ళకి పెట్టకూడదని నేనే రాశాను. నేనే పెట్టాను."

"మేము అబద్ధం ఆడినాం మేడం," అంది అప్ప.

"ఆ గీత అబద్ధం ఆడలేదు కదమ్మా. ఇరవై ఎనిమిది రోజులు నా కళ్ళ ముందే ఉంది."

మెలకువగా ఉండి గుర్తుపెట్టుకుని పీలిస్తే నాకు ఊపిరి ఆడుతుంది. ధ్యాస మళ్ళినా, కునుకు పట్టినా ఆగిపోతుంది. గొంతులో గొట్టం వేసి యంత్రానికి కడితే బతుకుతాను. కానీ యంత్రం ఎవరి కోసమూ ఆగదు, దాని నుంచి ఛాతీ ఏమీ నేర్చుకోదు. ఇంకో మనిషి ఊపిరితో పడి తప్పిన అలవాటు, మనిషి ఊపిరితోనే మళ్ళీ రావాలి. పాత ఊపిరి గుర్తులు చెరిపేసిన జంట ఒకటి ప్రయోగశాలలో ఉంది, దాని బిళ్ళ నాకు అంటించి, పట్టీ ఇంకొకరికి కట్టాలి. ఎన్ని రోజులని అమ్మ అడిగింది. తెలియదంది డాక్టరు. అసలు అలవాటవుతుందా అని అడిగింది. డాక్టరు పట్టీ చేతిలోకి తీసుకుంది.

అమ్మ తనకే కట్టమంది. కానీ అమ్మకు ఉబ్బసం. అమ్మ ఊపిరి పట్టీకి అందలేదు.

"నాకు కట్టండి," అంది అప్ప. "ముందే నాకు కట్టాల్సింది."

ఆరు రోజులు అప్ప నా మంచం పక్క కుర్చీలోనే ఉంది. అక్కడే తిండి, అక్కడే నిద్ర. అమ్మ మందులకూ తిండికీ బయట తిరిగేది. ఊపిరి ఆగబోయిన ప్రతిసారీ నా గుండెల మీద బిళ్ళ వణికేది. అప్ప ఊపిరి నాలోకి వచ్చేది. నాది సన్నగా, వేగంగా ఉండేది. ఆమెది నిదానం. ఎవరో నన్ను ఎత్తుకుని నడుస్తున్నట్టు ఉండేది.

పడవలో ఏటి నీళ్ళకు తడిశానో ఏమో, నాకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. రెండు కిలోల బిడ్డను ఆ గదిలోకి తేకూడదన్నారు. తవిటమ్మను తీసుకుని సూరమ్మత్త బయట వరండాలో, కిటికీకి అవతల ఉండేది. పన్నెండు అడుగులు దాటి వెళ్ళలేక అప్ప పాలు పిండి గిన్నెలో పంపేది. బిడ్డ గిన్నె పాలు తాగలేదు. ఉగ్గుగిన్నె పెడితే ఉమ్మేసేది. నాలుగు రోజుల్లో నూటముప్పై గ్రాములు తగ్గింది.

ఆరో రోజు మధ్యాహ్నం బిడ్డ ఏడుపు మారింది. ముందు గట్టిగా ఏడ్చేది. ఇప్పుడు పిల్లి కూనలా, ఆగి ఆగి ఏడుస్తోంది. అంతకుముందు ఇద్దరి ఏడుపు చివరికి ఎలా అయిందో అప్పకు తెలుసు. అప్ప జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయింది. ఊపిరి మాత్రం మార్చలేదు. నా కోసం నిదానంగా పీలుస్తూ, నిదానంగా వదులుతూ కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి మాత్రం ఒక్కసారి కూడా ఎగసిపడలేదు. మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"అప్పా, వెళ్ళు," అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"పాలిచ్చి రా. నేను గుర్తుపెట్టుకుని పీలుస్తాను."

"నీకు కునుకు పడితే? ఒగ్గీసి ఎలా ఎల్తానే నిన్ను? మీ యమ్మకి ఏటి సెప్పాల?"

బయట ఏడుపు ఆగింది. అప్ప కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదలైంది, ఇంకా సన్నగా.

నేను లేచి కూర్చున్నాను. ముసుగు పక్కకి లాగేశాను. "వెళ్ళూ!" అని అరిచాను. నడవాలో డాక్టరు ఉలిక్కిపడి తలుపు తీసింది. "నేను నోరు తెరవకుండా తల ఊపబట్టే ఇదంతా వచ్చింది. ఇప్పుడు ఊపట్లేదు, చెప్తున్నాను. పట్టీ విప్పి వెళ్ళు. దానికి నువ్వు కావాలి!"

గది అంతా నా గొంతే. అంత గొంతు నాలో ఉందని నాకు తెలియదు. అప్ప నన్ను చూసింది. డాక్టరును చూసింది. డాక్టరు వచ్చి పట్టీ విప్పి, కుర్చీ నా మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. చేతిలో రబ్బరు సంచీ ఉంది.

"నేను ఈసారి ఈ పిల్లనే చూస్తాను," అంది.

అప్ప పరిగెత్తింది.

ఒకటి. పీల్చాను. వదిలాను. రెండు. దగ్గొచ్చింది. దగ్గాక పీల్చడం గుర్తుచేసుకున్నాను. మూడు. ఏడు. పన్నెండు. ముప్పై దగ్గర చూపు మసకబారితే వేలి గోరుతో అరచెయ్యి నొక్కుకున్నాను. నలభై ఒకటి దగ్గర బయట ఏడుపు ఆగింది. గొంతులో పాలు దిగుతున్న చప్పుడు కిటికీలోంచి వినపడిందా, నేనే ఊహించుకున్నానా తెలియదు. సూరమ్మత్త "తాగతన్నాది, తాగతన్నాదే అమ్మీ," అంటోంది. ఆ మాట మాత్రం వినపడింది.

ఏడుపు లేకపోయేసరికి నిద్ర ముంచుకొచ్చింది. డెబ్బై. డెబ్బై ఒకటి. నూరు. నూట ఇరవై ఆరు. డాక్టరు పెదవులు కూడా నాతోపాటు లెక్కపెడుతున్నాయి.

నూట యాభై మూడు. అప్పుడు కిటికీ అవతల అప్ప ఏదో పాడింది. మాటలు లేవు, రాగమే. తవిటమ్మ ఒక చిన్న కూత కూసింది. తల్లి పిలిస్తే పలికిన కూత. నేను విన్నాను. వింటూ ఉండిపోయాను.

డాక్టరు రబ్బరు సంచీ పైకెత్తింది. కానీ నా ముక్కు దాకా తేలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా ఛాతీ వైపు చూస్తోంది. నేనూ చూసుకున్నాను. అది లేస్తోంది.

ఆ ఒక్క ఊపిరి నేను తీయలేదు. దానంతటదే వచ్చింది.

తర్వాతది మళ్ళీ నేనే తీయాల్సి వచ్చింది. నూట యాభై నాలుగు అనాలో, యాభై ఐదు అనాలో తెలియక, ఒకటి నుంచి మొదలుపెట్టాను.